మంచె ఎక్కాక తుపాకీ మడమ ఎక్కడుంది?

(విస్కాన్సిన్‌లో కొన్ని తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక శనివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే. ఇవాళ చెప్పేది జింకల వేటలో మంచె మీద రైఫిల్‌ని కదలకుండా ఆన్చుకోవడం గురించి. ముందు ఈ మాప్ కర్ర సంగతి చెప్పాలి. హాల్ వాళ్ళు తుపాకీ లోపలికి తేవద్దన్నారు, న్యాయమే. అందుకని వంటగదిలో ఇది అడిగి తెచ్చుకున్నాను. ఇవాళ మన రైఫిల్ ఇదే. గుడ్డ ఉన్న వైపు మడమ, అంటే భుజానికి ఆనే వెనక కొస, ఈ ఖాళీ కొస మూతి. కర్రే కదా అని మీ వైపు తిప్పను, అలవాటు చెడుతుంది. (నవ్వులు)

మా ఊరు పల్నాడు వైపు. జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో మా తాత చేలో మంచె వేసేవాడు. నాలుగు గుంజలు, పైన కర్రలు పరిచి గడ్డి. దాని మీద నిలబడి వడిసెలలో రాయి పెట్టి తిప్పి కొడితే పిట్టల గుంపు లేచిపోయేది. ఇక్కడికొచ్చి మొదటిసారి ట్రీ స్టాండ్, అంటే వేటకి చెట్టు మీద కట్టుకునే సీటు, చూసినప్పుడు నాకు వేరే పేరు తోచలేదు. ఇది మంచే. తేడా ఒక్కటే, మా తాత నిలబడి అరిచేవాడు, ఇక్కడ మనం కూర్చుని నోరు మూసుకోవాలి. నా వరకు రెండోదే కష్టం.

అసలు విషయానికి ముందు రెండు మాటలు. నేను చెప్పేదంతా ఇక్కడి వైట్‌టెయిల్ జింక గురించి, ఇక్కడి చట్టం ప్రకారం చేసే వేట గురించి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. అక్కడ జింక మీద తుపాకీ ఎత్తితే జైలే. తెలంగాణకి జింక, ఆంధ్రకి కృష్ణజింక రాష్ట్ర జంతువులు కూడాను. సెలవులకి వెళ్ళినప్పుడు ఊళ్ళో ఎవరైనా 'నువ్వు అక్కడ వేటాడతావంట కదా, పద' అంటే నవ్వేసి ఊరుకోండి.

రెండోది వీసా. ఇమిగ్రెంట్ కాని వీసా మీద ఉన్నవాళ్ళు, అంటే మనలో చాలామంది హెచ్-1బి వాళ్ళు, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి దాంట్లో మినహాయింపు ఉంది. ఉంది కదా అని నా మాట నమ్ముకుని షాపుకి వెళ్ళకండి, మీ కాగితాలు లాయర్‌కి చూపించుకోండి. గ్రీన్ కార్డ్ వాళ్ళకి ఈ తంటా లేదు. ఇక విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. చెయ్యండి, బాగుంటుంది. నా బ్యాచ్‌లో నా పక్కన పన్నెండేళ్ళ పిల్లాడు కూర్చున్నాడు, పరీక్షలో వాడికి నాకంటే ఎక్కువ వచ్చాయి.

సరే, కథలోకి వద్దాం. నా రెండో సీజన్. ఇక్కడ తుపాకీ సీజన్ తొమ్మిది రోజులు, థాంక్స్‌గివింగ్‌కి ముందు శనివారం మొదలవుతుంది. నాకు వేటకి చోటిచ్చింది ఒక పాల రైతు, డెబ్భై దాటిన ముసలాయన. ఒక పక్క కోసేసిన మొక్కజొన్న చేను, ఒక పక్క ఓక్ చెట్లు. ఆ అంచున చెట్టుకి ఆనించిన నిచ్చెన మంచె, పదహారు అడుగులు. కూర్చుంటే ఎదురుగా అడ్డంగా ఒక ఇనప కమ్మీ ఉంటుంది, రైఫిల్ ఆన్చుకోవడానికి. అది చూసి నేను 'ఇంకేం, బల్ల మీద పెట్టి కాల్చినట్టే' అనుకున్నాను.

ఏడున్నరకి ఆడజింక వచ్చింది. అరవై గజాలు ఉంటుంది. కమ్మీ నాకు బాగా కిందకి ఉంది. రైఫిల్ దాని మీద పెట్టాలంటే నేను విల్లులా వంగాలి. వంగాను. బ్యారెల్ తీసుకెళ్ళి నేరుగా ఆ ఇనుము మీద పెట్టాను. టంగుమంది. జింక తలెత్తింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఎడమ చేత్తో కమ్మీని గట్టిగా పట్టుకున్నాను, పడిపోతానేమోనన్నట్టు. ట్రిగ్గర్ లాగాను.

ఇదిగో, ఈ కనుబొమ మీద నెలవంకలా గీత కనపడుతోందా? అప్పటిదే. వంగి ఉన్నాను కాబట్టి కన్ను స్కోప్‌కి, అంటే తుపాకీ మీద గురి చూసే దుర్బిణికి, మరీ దగ్గరైంది. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు స్కోప్ అంచు వచ్చి కొట్టింది. కంట్లోకి రక్తం కారింది. జింక ఎటు పోయిందో చూడలేదు.

దిగి వెళ్ళి చూస్తే మంచు మీద కాస్త ముదురు రక్తం, దాంట్లో పచ్చటి గడ్డి ముద్ద. పొట్టకి తగిలిందన్నమాట. ముసలాయనకి ఫోన్ చేస్తే వచ్చి, వంగి, వేలితో ఆ ముద్ద కదిపి చూసి, 'సాయంత్రం దాకా దాని జోలికి వెళ్ళొద్దు' అన్నాడు. పొట్టకి తగిలిన జింకని వెంటనే తరిమితే మైళ్ళు పోతుంది, ఇక దొరకదు. వదిలేస్తే ఎక్కడో పడుకుంటుంది. ఆ ఎనిమిది గంటలు నేను ఇంట్లో కుర్చీలో కూర్చున్నాను. అన్నం తినలేదు. మా ఆవిడ అడిగింది, 'తగిలిందా?' అని. తగిలింది అని చెప్పడానికి నోరు రాలేదు. పొద్దుగూకే వేళకి తుంగలో దొరికింది, చచ్చిపోయి ఉంది. ఎంతసేపటికి చచ్చిపోయిందో నాకు తెలియదు, ఆ ఆలోచన ఇప్పటికీ పోలేదు.

ముసలాయన తిట్టలేదు. జింకని లాక్కొస్తుంటే ఒక్కటే అడిగాడు. 'ముందు కమ్మీ పట్టుకుంది, బాగుంది. వెనక ఎవరు పట్టుకున్నారు?'

ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఈ ఒక్క ప్రశ్నే. మనం రైఫిల్ రెస్ట్ అనగానే ముందు భాగానికి ఆనిక అనుకుంటాం. షాపులో అమ్మేవీ అవే, కమ్మీలు, కొక్కేలు, కాళ్ళ కర్రలు, అన్నీ ముందు భాగానికే. కానీ తప్పు పుట్టేది వెనక.

లెక్క చూడండి, మనవాళ్ళకి లెక్కలంటే ఇష్టం కదా. రైఫిల్ మధ్యలో, అంటే బ్యారెల్ కింద చేత్తో పట్టుకునే ఫోర్‌ఎండ్ దగ్గర, కమ్మీ మీద ఆన్చామనుకోండి. అక్కడి నుంచి మడమ దాకా సుమారు 65 సెంటీమీటర్లు. జింక 100 గజాల్లో ఉంటే అది 91 మీటర్లు. 91 మీటర్లని 65 సెంటీమీటర్లతో భాగిస్తే 140. మీ భుజం దగ్గర మడమ ఒక్క మిల్లీమీటరు కదిలితే తూటా అక్కడ 140 మిల్లీమీటర్లు, 14 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. జింకకి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఒక అన్నం పళ్ళెం అంత, 20 నుంచి 25 సెంటీమీటర్లు అడ్డం. సరిగ్గా నడిమధ్యకి గురి పెట్టినా 14 పక్కకి పోతే పళ్ళెం దాటిపోయింది. ఒక్క మిల్లీమీటరుకి! బటన్ మందం కూడా లేదు. లావు కోటు వేసుకుని ఊపిరి పీలిస్తే ఎన్ని మిల్లీమీటర్లు కదులుతుందో మీరే చూసుకోండి.

అందుకని ఇప్పుడు నా పద్ధతి చెబుతాను. కర్ర ఇలా పట్టుకుంటాను, ఈ మడత కుర్చీ వీపు కమ్మీ అనుకోండి. కుడిచేతివాటం వాళ్ళ లెక్కన చెబుతున్నా.

ఎడమ చెయ్యి ముందు ఉండకూడదు. ముందు పని కమ్మీ చేస్తోంది, దానికి మీ సాయం అక్కర్లేదు. ఎడమ చెయ్యి వెనక్కి తెచ్చి, కుడి చంక కిందుగా పోనిచ్చి, మడమ కింద పిడికిలి పెట్టాలి. పిడికిలి కాస్త గట్టిగా బిగిస్తే మడమ పైకి లేస్తుంది, మూతి దిగుతుంది. వదులు చేస్తే మడమ దిగుతుంది, మూతి లేస్తుంది. స్కోప్‌లో ప్లస్ గుర్తు మీ పిడికిలి మాట వింటుంది. పిడికిలిలో ఒక చిన్న సంచి పెట్టుకుంటే ఇంకా సుఖం. నేను పాత సాక్సులో బియ్యం పోసి ముడేసి పెట్టుకున్నాను. మా ఆవిడ సోనామసూరి వాడొద్దని కండిషన్ పెట్టింది. (నవ్వులు)

కుడి మోచెయ్యి గాల్లో వేలాడకూడదు. కుడి కాలు ఎత్తుగా పెట్టుకోవడానికి ఏదైనా ఉంటే, మంచె అడుగు పలకకి ఉన్న అంచో, మీ బ్యాగో, మోకాలు లేచి మోచేతికి ఆసరా దొరుకుతుంది. ముందు కమ్మీ, వెనక పిడికిలి, పక్కన మోకాలు. వీపు చెట్టుకి ఆనాలి. వంగకూడదు. వంగాల్సి వస్తే కమ్మీ ఎత్తు తప్పన్నమాట, మీ నడుము తప్పు కాదు.

ఎత్తు సరిచేసుకోవడం సీజన్‌కి ముందే, పగటిపూట, ఖాళీ తుపాకీతో చెయ్యాలి. కళ్ళు మూసుకుని, నిటారుగా కూర్చుని, రైఫిల్ భుజానికి పెట్టుకోండి. కళ్ళు తెరవండి. ఫోర్‌ఎండ్‌కీ కమ్మీకీ మధ్య ఎంత సందు ఉందో అంత మెత్తటిది అక్కడ కట్టాలి. ముసలాయన మర్నాడు నాకు చేసిపెట్టింది ఇదే. నీళ్ళ పైపులకి చలికి తొడుగుతారే, నల్ల స్పాంజి గొట్టం, అది రెండు పొరలు చుట్టి గుడ్డ టేపు వేశాడు. ఐదు నిమిషాలు పట్టింది.

ఈ మెత్తదనం ఎత్తు కోసమే కాదు. గట్టి ఇనుము మీద తుపాకీ పెట్టి కాలిస్తే అది ఎగిరిపడుతుంది, తూటా మామూలుగా పడే చోట పడదు, ఎక్కువసార్లు పైకి పోతుంది. ఇక బ్యారెల్‌నే ఆన్చితే చెప్పక్కర్లేదు. కాల్చినప్పుడు బ్యారెల్ వీణ తీగలా అదురుతుంది. తీగని మధ్యలో వేలితో నొక్కితే స్వరం మారదూ? అలాగే. బ్యారెల్‌ని దేనికీ తాకించొద్దు, ఎప్పుడూ చెక్క భాగమే ఆనాలి. ఏమీ లేకపోతే టోపీ తీసి మడిచి పెట్టండి, గ్లవ్ పెట్టండి. అలాగే తుపాకీ పట్టీ తగిలించే కొక్కెం ముందు భాగాన ఉంటుంది కదా, అది కమ్మీకి తగులుకోకుండా చూసుకోండి. నాకు ఒకసారి తగులుకుని, కదులుతున్న మగజింకతో పాటు తుపాకీ తిరగనని మొరాయించింది.

ఇంకో ప్రమాదం ఉంది, ఇది చాలామందికి తెలీదు. స్కోప్ బ్యారెల్‌కి అంగుళంన్నర పైన ఉంటుంది. కిందకి చూస్తూ కాల్చేటప్పుడు స్కోప్‌లో దారంతా ఖాళీగా కనిపిస్తుంది, కానీ కిందున్న మూతికి ఎదురుగా కమ్మీయే ఉండొచ్చు, కొమ్మ ఉండొచ్చు. తమ మంచె కమ్మీని తామే కాల్చుకున్నవాళ్ళు ఉన్నారు. కంటితో సరే, మూతికి ఏం కనిపిస్తోంది అని ఒకసారి స్కోప్ పక్కనుంచి చూడాలి.

ఎత్తు నుంచి కాలుస్తున్నాం కదా, గురి కిందకి పెట్టాలా అని ప్రతి ఏడూ ఎవరో అడుగుతారు. 20 అడుగుల ఎత్తు నుంచి 100 గజాల దూరానికి కోణం నాలుగు డిగ్రీలు కూడా లేదు. దాని గురించి టెన్షన్ పడకండి. 20 గజాల్లోకి వచ్చేస్తే 18 డిగ్రీలు అవుతుంది. అప్పుడు కూడా తూటా దారిలో పెద్ద తేడా ఏం రాదు, తేడా జింక ఒంట్లో వస్తుంది. పైనుంచి దిగే తూటా ఒక ఊపిరితిత్తిని మాత్రమే చీల్చి పోవచ్చు. అందుకని తూటా ఎక్కడ తగలాలి అని కాకుండా అవతలి పక్క ఎక్కడినుంచి బయటికి రావాలి అని చూసుకోండి. అవతలి ముందుకాలి వెనక, కిందుగా. ఎత్తు వల్ల ఒక మేలు కూడా ఉంది, తప్పిన తూటా నేలలోకి పోతుంది.

ఇప్పుడు అసలు తలనొప్పి. జింక ఎప్పుడూ కమ్మీకి ఎదురుగానే రాదు. కుడిచేతివాటం వాడికి ఎడమ పక్కకి ఎంతైనా తిరగొచ్చు, కుడి పక్కకి తిరగడం నరకం. ఇదిగో చూడండి, కుర్చీలో కూర్చుని కుడికి తిరిగితే మడమ భుజం నుంచి ఎలా జారిపోతోందో. కాబట్టి మంచె కట్టేటప్పుడే జింకలు నడిచే దారి మీకు ఎడమ పక్కకి ఉండేట్టు కట్టండి. నేను కొత్త మంచె కడితే ముందు కూర్చుని చెయ్యి చాపి చూస్తాను, దారి పది, పదకొండు గంటల ముల్లు వైపు ఉండాలి.

అయినా వెనకనుంచే వస్తుంది, దాని ఇష్టం. అప్పుడు చెట్టే రెస్ట్. నెమ్మదిగా లేచి, ఎడమ అరచెయ్యి చెట్టు బోదెకి ఆన్చి, బొటనవేలు బయటికి చాపి, ఆ సందులో ఫోర్‌ఎండ్ పెట్టాలి. చెక్క మీ చేతికి తగలాలి, బెరడుకి కాదు. వెనక మోచెయ్యి పక్కటెముకలకి నొక్కి పెట్టాలి. ఇది కమ్మీ అంత నిలకడ ఇవ్వదు, అందుకే ఇలా అయితే నేను 50 గజాలు దాటి కాల్చను. కమ్మీ లేని చిన్న మంచెల్లో అయితే బ్యాగ్ ఒళ్ళో పెట్టుకోవడమే నాకు తెలిసిన మంచి ఉపాయం. నిండు బ్యాగ్, నిలువుగా, మోకాళ్ళ మధ్య నొక్కి.

కొనే సరుకు గురించి ఎక్కువ చెప్పను. చెట్టుకి బిగించే చేతులు, కాళ్ళ కర్రలు, బోలెడు ఉన్నాయి. చాలా చోట్ల పబ్లిక్ ల్యాండ్‌లో చెట్టుకి స్క్రూ దింపకూడదు, అది చూసుకుని కొనండి. వంద డాలర్ల సరుకుకి కూడా వెనక పిడికిలి మీరే పెట్టాలి.

గాలికి చెట్టు ఊగితే ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యొద్దు. మీరూ కమ్మీ రెండూ అదే చెట్టుకి ఉన్నారు, కలిసే ఊగుతారు. ప్లస్ గుర్తు వెంట పరిగెత్తకండి. ఊగడం ఒక పక్క ఆగి తిరిగే క్షణం ఉంటుంది, ఉయ్యాలకి ఉన్నట్టే, అప్పుడే ట్రిగ్గర్ నొక్కండి. ఆ క్షణం దొరక్కపోతే కాల్చకండి. నేను గాలి వల్ల కాల్చకుండా దిగొచ్చిన రోజులు ఉన్నాయి.

పడిపోవడం గురించి. ఆ కమ్మీ తుపాకీ కోసం, మీ కోసం కాదు. దాని మీద బరువు వెయ్యొద్దు, కొన్ని నిచ్చెన మంచెల్లో అది పైకి లేస్తుంది కూడా. ఒళ్ళంతా పట్టే హార్నెస్ వేసుకుని, కాళ్ళు నేల మీద ఉండగానే తాడుకి తగిలించుకోండి, మళ్ళీ నేల మీదికి వచ్చాకే విప్పండి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూనే ఎక్కువమంది పడేది. తుపాకీ భుజాన వేసుకుని ఎక్కొద్దు. తూటాలు తీసేసి, బోల్ట్ తెరిచి, తాడుతో పైకి లాక్కోండి. మంచె కట్టిన పట్టీలు ఎండకీ మంచుకీ పుచ్చిపోతాయి, ఏటేటా మార్చండి. పైన వేసుకునేది నారింజ రంగు, లేదా 2016 నుంచి ఇక్కడ గులాబీ కూడా ఒప్పుకుంటున్నారు. మా అమ్మాయి నాకు గులాబీ కొనిపెట్టింది, వేసుకుంటున్నాను.

ఇంట్లో సాధన. తుపాకీ ఖాళీయే అని రెండుసార్లు చూసుకుని, తూటాలు వేరే గదిలో పెట్టి, కుర్చీ వీపు మీద దిండు వేసి ఇలా కూర్చోండి. బ్యారెల్ చివర ఒక డైమ్ నాణెం పెట్టమనండి పిల్లల్ని కాదు, మీ ఆవిడని. ట్రిగ్గర్ నొక్కినప్పుడు నాణెం పడకూడదు. మొదట నాది పదిసార్లకి తొమ్మిదిసార్లు పడింది. ఎడమ చెయ్యి వెనక్కి తెచ్చాక పడటం తగ్గింది. సీజన్‌లో వేసుకునే లావు కోటు వేసుకునే చెయ్యండి, ఇంట్లో చెమట పట్టినా సరే. కోటు మీద మడమ జారే తీరు వేరు. రేంజ్‌లో కూడా సిమెంటు బల్ల మీద ఇసక సంచులు పెట్టి కాల్చి మురిసిపోవద్దు. అది తుపాకీకి పరీక్ష. కుర్చీలో కూర్చుని కాల్చి చూడండి, అది మీకు పరీక్ష.

ఇంక ప్రశ్నలు ఉంటే అడగండి.

(ప్రశ్న: అన్నా, మీరు ఆ రెండో సీజన్ జింక మాంసం తిన్నారా?)

తిన్నాం. పొట్టకి తగిలితే లోపల పాడవుతుంది, కానీ ఆ రోజు బాగా చలి, వీపు వైపు, వెనక కాళ్ళు బాగానే ఉన్నాయి. టెస్టుకి ఇచ్చి, క్రానిక్ వేస్టింగ్ జబ్బు, అంటే జింకలు చిక్కి చచ్చిపోయే జబ్బు, లేదని వచ్చాకే వండాం. ఇక్కడ 2002 నుంచి ఆ జబ్బు ఉంది, మీరూ టెస్టు చేయించకుండా తినకండి. గోదావరి వైపు మేకనే వేట అంటారు కదా, మా ఆవిడది అటు. 'ఇది అసలు వేట' అంటూ అల్లం వెల్లుల్లి దట్టించి వండింది. నాకు మాత్రం ఆ ఏడు ముద్ద దిగలేదు.

(ప్రశ్న: బాబూ, నాది ఎడమచేతివాటం. నేను కూడా మంచె ఎక్కొచ్చా, ఈ వయసులో?)

ఎందుకు ఎక్కకూడదు పిన్నిగారూ? నేను చెప్పిందంతా అద్దంలో చూసినట్టు తిప్పుకోండి. దారి మీకు కుడి పక్కకి ఉండాలి, కుడి పిడికిలి మడమ కిందకి రావాలి. అయితే ముందు నేల మీద గుడిసె లాంటి బ్లైండ్‌లో కూర్చుని మొదలుపెట్టండి, అక్కడా ఇదే పద్ధతి. రండి, ఈ కుర్చీలో కూర్చోండి. కర్ర పట్టుకోండి. అటు కాదు, గుడ్డ ఉన్న వైపు భుజానికి. తడిగా ఉందా? ఉండండి, తువ్వాలు తెమ్మంటాను.